ఒకటో గ్రేడు దారి

నాకు ముక్కు మీదే కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. అనుకోనీ. ఈ సంగతి చల్లగా చెప్పడం నా వల్ల కాదు. మా వదిన కుడి పాదానికి ఇప్పుడు నాలుగే వేళ్లు. చిటికెన వేలు తీసేశారు. ఆ వేలు పోవడానికి కారణం ఒక పుస్తకంలో అచ్చయిన ఒక అంకె. ఆ అంకె వేసిన పెద్దమనిషి మా సొంత అన్నయ్య.

నేను ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో నర్సుని. పద్దెనిమిదేళ్లుగా అదే గది, అదే కిటికీ, అదే ఎత్తుపీట. రోజుకి నలభై పుండ్లు కడుగుతాను. అన్నయ్య పర్వతారోహకుల సంఘానికి కార్యదర్శి. వాళ్ల సంఘం నాలుగేళ్లకోసారి దారుల పుస్తకం వేస్తుంది. ఏ కొండకి ఎటునుంచి ఎక్కాలి, ఎన్ని గంటలు పడుతుంది, నీళ్లెక్కడ దొరుకుతాయి, ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రతి దారికీ ఒకటి నుంచి ఏడు దాకా ఒక గ్రేడు. ఒకటి అంటే అందరూ నడవగలిగినది. ఏడు అంటే తాడు, మంచుగొడ్డలి, ప్రాణం మీద కొంచెం అలక్ష్యం కూడా ఉన్నవాళ్లు ఎక్కేది. వదిన ఆ పుస్తకం అచ్చు వేసే ప్రెస్‌లో ప్రూఫులు చూస్తుంది. వాళ్లిద్దరికీ పరిచయం కూడా ఆ పుస్తకం పుణ్యమే.

ఆ మంగళవారం పొద్దున నా గది ముందు వరుసలో పదిహేడో టోకెన్ పట్టుకుని వదిన కూర్చుని ఉంది. నాకు ఫోన్ చేయలేదు, కబురు పెట్టలేదు. ఎవరో పరాయి మనిషిలా తన వంతు కోసం చూస్తోంది. నాలుగు రోజుల కిందటే ఆ పుస్తకంలోనే ఉన్న ముప్పై ఒక్క రోజుల కాలినడక తీర్థయాత్ర చేసి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం అన్నయ్య ఇంటినిండా జనాన్ని పిలిచాడు. ఫొటోలు తీశారు. "మొత్తానికి మా ఆవిడ కూడా ఒకటో గ్రేడు పాసయింది!" అన్నాడు అన్నయ్య. అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆవేళ అంత ఉక్కలోనూ ఆమె మేజోళ్లు విప్పకపోవడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఆ తప్పు నాది.

ఎత్తుపీట మీద కాలు పెట్టించాను. మేజోడు పుండుకి అంటుకుపోయింది. సెలైన్ పోసి పది నిమిషాలు నానబెట్టి, అంచు పట్టుకుని కొద్దికొద్దిగా లాగాను. వాసన వచ్చింది. మడమ మీద చర్మం లేదు. చిటికెన వేలు నల్లగా ఉబ్బి పక్క వేలిని తోసేస్తోంది.

"ఎన్నాళ్లయింది?" అన్నాను.

"నాలుగు రోజులు. ఇంటికొచ్చాకే మొదలైంది."

"వదినా, నేను చేసే పని ఇదే. నాకు చెప్పకు."

ఆమె కిటికీ వైపు చూసింది. "పంతొమ్మిది" అంది.

నేను ఫోర్సెప్స్ పట్టుకుని మనసులో లెక్కేసుకున్నాను. అంటే యాత్ర పదిహేడో రోజున బొబ్బ లేచింది. ఆ తర్వాత ఇంకా పద్నాలుగు రోజుల నడక ఉంది. రోజుకి ఇరవై కిలోమీటర్లు.

"ఈ పాదంతో పద్నాలుగు రోజులు నడవలేరు వదినా. ఎవరూ నడవలేరు. నువ్వెలా నడిచావు?"

బయట పద్దెనిమిదో టోకెన్ వాళ్లు తలుపు తట్టారు. ఆగమని కేక వేశాను.

"నడవలేదు" అంది వదిన. "ఇరవై రెండో రోజున ఆగిపోయాను."

"మరి మిగతా తొమ్మిది రోజులు?"

అప్పుడు చెప్పింది. ఇరవై రెండో మజిలీ ఒక చిన్న ఊరు. అక్కడ బస్టాండు మీద ఒక గది తీసుకుంది. మంచం, కుర్చీ, కుళాయి. తొమ్మిది రోజులు ఆ గదిలోనే ఉంది. కుళాయి నీళ్లతో పుండు కడుక్కుని, చున్నీ చింపి కట్టుకుంది. రోజూ సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి, దారుల పుస్తకం తెరిచి, ఆ రోజు పేజీలో ఏముంటే అది చదివింది. ఇవాళ వంతెన దాటాం, ఇవాళ ఎడమ పక్క లోయ కనిపించింది, ఇవాళ రాళ్ల మెట్లు. "అవునవును, అక్కడ దారి బావుంటుంది" అనేవాడట అన్నయ్య. ముప్పై ఒకటో రోజున మిగతావాళ్లు తిరుగు బస్సులో ఆ ఊరు మీదుగా వెళుతుంటే, వాళ్లతో కలిసిపోయి ఇంటికొచ్చింది.

నేను అరిచాను.

"ఇరవై రెండో రోజే ఇంటికి రావాల్సింది కదా! బస్సెక్కితే అయిదు గంటలు! ఆ రోజే వచ్చుంటే వారం రోజులు కట్లు కట్టి పంపేదాన్ని. ఇప్పుడు ఈ వేలు ఉంటుందో ఊడుతుందో డాక్టరు చెప్పాలి. తొమ్మిది రోజులు! ఏ బుద్ధితో కూర్చున్నావు వదినా ఆ గదిలో?"

"ఏ మొహం పెట్టుకుని రాను?" అంది. ఏడవలేదు. ప్రూఫులో తప్పు చూపించినట్టు చెప్పింది. "మీ అన్నయ్య ఏడో గ్రేడు మనిషి. నేను ఒకటో గ్రేడు దారి సగంలో వదిలేసి వచ్చానంటే? ఆ పేజీ మూడుసార్లు ప్రూఫు చూసింది నేనే అమ్మాయ్. 'పిల్లలు, పెద్దలు, అందరికీ అనువైనది. ప్రత్యేక శిక్షణ అవసరం లేదు.' ఆ అందరిలో నేను కూడా లేనంటే ఇక నేనేంటి?"

అన్నయ్యకి చెప్పనని నా చేత మాట తీసుకుంది. ఇచ్చాను. ఆ మాట ఎంతసేపు నిలిచిందో మీకే తెలుస్తుంది.

బుధవారం వేలు తీసేశారు. చీము ఎముకదాకా వెళ్లిందన్నాడు డాక్టరు. షుగర్ లేదు, రక్తపోటు లేదు, నలభై ఆరేళ్ల ఆరోగ్యమైన మనిషి. వారం ముందు వచ్చుంటే వేలు దక్కేదని నాతో విడిగా చెప్పాడు. అన్నయ్యకి మాత్రం ప్రెస్‌లో కాగితాల బండిల్ కాలి మీద పడిందని చెప్పింది వదిన. అన్నయ్య నమ్మేశాడు. మంచం పక్కన కూర్చుని, ఆమె తల నిమిరి, "నయం, యాత్ర అయ్యాక జరిగింది. ముందే జరిగుంటే అది కూడా పూర్తయ్యేది కాదు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఒళ్లు మండించింది. నేను వార్డు బయటికి వెళ్లిపోయాను.

ఆ సాయంత్రమే సంఘం హాలుకి వెళ్లాను. పెద్ద హాలు. గోడకి తాళ్లు చుట్టలు చుట్టి వేలాడుతుంటాయి. ఒక మూల బూట్లకి బిగించే ఇనుప ముళ్ల చట్రాలు, ఇంకో మూల గుడారాలు. అన్నయ్య బల్ల వెనక అతని ఫొటో, మంచు మీద శిఖరానికి వీపు పెట్టి నిలబడి ఉన్నది. శిఖరం ఎక్కినప్పటి ఫొటో కాదది. ఇంకో రెండు వందల మీటర్లు ఉందనగా గాలి మారితే వెనక్కి తిరిగి వచ్చేశాడు. దాని కింద 'సరైన నిర్ణయం' అని రాసి పటం కట్టించారు. ఆవేళ సంఘంలో సభ పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"అన్నయ్యా, ఆ యాత్ర దారికి ఒకటో గ్రేడు ఎందుకిచ్చారు?" అన్నాను, కూర్చోకుండానే.

"ఎందుకంటే అది నడక దారి. తాడు లేదు, మంచు లేదు, ఎత్తు లేదు. జారితే మోకాలు గీరుకుంటుంది. శిఖరం మీద జారితే మనిషి దొరకడు."

"అది ముప్పై ఒక్క రోజులు. నీ శిఖరం నాలుగు రోజులు."

"రోజుల్ని బట్టి గ్రేడు ఇవ్వరు చిట్టీ. దారిలో అన్నిటికంటే కష్టమైన గంట ఏదో చూస్తారు. ఆ గంటని బట్టే గ్రేడు. ఎక్కడైనా ఇదే పద్ధతి. ఆ యాత్రలో కష్టమైన గంట తొమ్మిదో రోజు వచ్చే మెట్ల దారి. నువ్వు కూడా ఎక్కేస్తావు."

"ఎక్కేస్తాను. ఒక గంట అయితే ఎవరైనా ఎక్కేస్తారు. ఆ గంట తర్వాత ఇంకో రెండు వందల గంటలున్నాయి. అవి ఎవరు లెక్కపెడతారు?"

నవ్వాడు. చిన్నప్పుడు సైకిల్ తొక్కడం నేర్పుతూ నేను పడ్డప్పుడు ఇలాగే నవ్వేవాడు. "నడకే కదా చిట్టీ. కాళ్లు నొప్పులు పుడతాయి, అంతే."

అతను చెప్పేదాంట్లో అబద్ధం లేదు. అది నాకూ తెలుసు. మంచుకి వేళ్లు నల్లబడి చచ్చుబడిపోయిన కుర్రవాళ్లకి నేనే కట్లు కట్టాను. ఆ కొండ మీద ఒక్క తప్పటడుగు చాలు. కానీ ఆ కొండ ఎక్కేవాళ్లకి వెనక ఎంత బలగం! వాతావరణం చెప్పేవాడు, రేడియో, బరువు మోసేవాళ్లు, మందుల పెట్టె. ముందు ఆరు నెలలు సాధన. మధ్యలో విశ్రాంతి రోజులు. అన్నిటికీ మించి ఒక నియమం. మధ్యాహ్నం రెండు అయిందా, శిఖరం చేతికి అందేంత దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. నియమం ఉంది కాబట్టి తిరిగితే సిగ్గుపడక్కర్లేదు. పైగా పటం కట్టిస్తారు. యాత్ర దారిలో నడిచేవాళ్లకి ఏముంది? తడి బూట్లు, నేల మీద పడక, తెల్లారితే మళ్లీ ఇరవై కిలోమీటర్లు. పక్కన నడిచేవాళ్లలో డెబ్బై ఏళ్ల ముసలమ్మ కూడా ఉంటుంది. ఆవిడ నడుస్తుంటే నువ్వెలా ఆగుతావు? ఆగితే భక్తి లేదంటారు. పైవాడు రానివ్వలేదంటారు. ఎప్పుడు ఆగాలో చెప్పే మాట ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

ఇదంతా అన్నయ్యతో అన్నాను. ఇంత వరసగా కాదు, అరుస్తూ, మధ్యమధ్యలో బల్ల మీద కొడుతూ.

"గ్రేడు మార్చండి. మార్చకపోతే కనీసం ఎప్పుడు వెనక్కి తిరగాలో రాయండి" అన్నాను.

"ఇవాళ నీకేమైంది? సరే, రేపు కమిటీ ఉంది. కొత్త పుస్తకం ఆఖరి ఫారాలు, అంటే ఆఖరి పేజీల కాగితాలు, శనివారం అచ్చుకి వెళ్తాయి. వచ్చి చెప్పు. వింటారు."

విన్నారు. గురువారం మధ్యాహ్నం అదే హాల్లో నలుగురు కూర్చుని విన్నారు. అధ్యక్షుడు పెద్దాయన, పటాలు గీసే ఆయన, తాడు పట్టుకుని కొండ ఎక్కడం నేర్పే మేడం, అన్నయ్య. మా గదిలో కట్టిన కట్ల రిజిస్టరు నుంచి యాత్ర నెలల్లో వచ్చిన పాదాల సంఖ్య రాసుకుని వెళ్లాను. పోయిన నాలుగేళ్లలో మూడు వందల పన్నెండు. శిఖరం నుంచి వచ్చినవాళ్లు పదకొండు మంది.

"శిఖరానికి వెళ్లేవాళ్లే తక్కువ కదమ్మా" అన్నాడు పటాలాయన.

"ఆ పదకొండు మందీ దిగిన రోజే ఆసుపత్రికి వచ్చారు. ఈ మూడు వందల పన్నెండు మందిలో సగానికి పైగా పది రోజులు దాటాక వచ్చారు. అది అడగండి. ఎందుకు ఆలస్యంగా వచ్చారో అడగండి!"

పెద్దాయన మర్యాదస్తుడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, నలభై ఏళ్లుగా ఈ పుస్తకం వేస్తున్నాం. ఈ దారిలో వెనక్కి తిరిగి వచ్చామని ఒక్కరంటే ఒక్కరు మాకు ఉత్తరం రాయలేదు. కష్టమైతే రాసేవాళ్లు కదా?"

"రాస్తే నవ్వుతారు. అందుకే రాయరు."

"ఊహల మీద గ్రేడు మార్చలేం చిట్టీ" అన్నాడు అన్నయ్య. అందరి ముందూ నన్ను ఆ పేరుతో పిలిచాడు. "యాత్ర మధ్యలో వదిలేసి, అది చెప్పుకోలేక దాచుకున్న మనిషిని ఒక్కర్ని చూపించు. ఒక్కర్ని. అప్పుడు మాట్లాడదాం." పెదవి చివర ఆ నవ్వు అలాగే ఉంది.

నోరు జారానని తర్వాత అందరితో చెప్పుకోవచ్చు. కానీ జారలేదు. తెలిసే అన్నాను. ఆ నవ్వు చూశాక నాకు గెలవాలనిపించింది, అంతే.

"మీ ఇంట్లోనే ఉంది" అన్నాను. "నీ పెళ్లాం. ఇరవై రెండో రోజున ఆగిపోయింది. నీకు చెప్పడానికి మొహం చెల్లక తొమ్మిది రోజులు బస్టాండు మీద గదిలో పుండు కుళ్లబెట్టుకుని కూర్చుంది. ఆ వేలు కాగితాల బండిల్ పడి పోలేదు. నువ్వేసిన ఒకటో నంబరు వల్ల పోయింది."

అన్నయ్య మొహం పాలిపోయింది. బల్ల మీద పెన్సిల్ తీసి మళ్లీ పెట్టాడు. గెలిచానని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత ఏం చేశారో వినండి. గ్రేడు మార్చడం కుదరదన్నారు. ఒక్క దారికి మారిస్తే అన్నిటికీ మార్చాలట. కానీ జరిగినదానికి విచారిస్తూ, ఒక వాక్యం చేర్చడానికి ఒప్పుకున్నారు. ఆ వాక్యం రాసింది ఎవరనుకున్నారు? తాడు మేడం. గోడలాంటి కొండని వేళ్లతో పట్టుకుని ఎక్కే మనిషి. మంచిదే చేస్తున్నాననుకుని రాసింది. 'స్త్రీలు తమ శారీరక శక్తిని అంచనా వేసుకుని బయలుదేరడం మంచిది.' ఒకటో నంబరు అలాగే ఉంది. దాని కింద ఈ వాక్యం.

"మా వదిన ఆడదని ఆగిపోలేదు! పాదం చీము పట్టి ఆగిపోయింది! మగవాడి పాదానికి చీము పట్టదా?" అని అరిచాను. పెద్దాయన మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. వాళ్లు వేరే పేజీకి వెళ్లిపోయారు. బయటికొస్తుంటే అన్నయ్య మెట్ల దగ్గర నా చేయి పట్టుకుని, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. పరువు! ఆమె వేలు గురించి ఒక్క మాట లేదు. చేయి విదిలించుకుని వచ్చేశాను.

వదినని ఆ పొద్దునే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. సాయంత్రం ఫోన్ చేసింది. అన్నయ్య ఇంటికి వెళ్లి ఏమీ అడగలేదట. పక్క గదిలో తలుపేసుకుని కూర్చున్నాడట.

"చెప్పేశావా?" అంది.

"చెప్పాను."

"ఏమన్నారు?"

ఆ వాక్యం చదివి వినిపించాను.

"అయితే నా కాలు పట్టుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టావన్నమాట" అంది. ఫోన్ పెట్టేసింది. శుక్రవారం నేను మూడుసార్లు చేస్తే మూడుసార్లూ తీయలేదు.

శనివారం తొమ్మిదింటికి కట్టు మార్చాలి. ఇంటికి వెళ్తే తాళం. పక్కింటావిడ ప్రెస్‌కి వెళ్లిందని చెప్పింది. మూడు రోజుల కిందట వేలు తీసేసిన మనిషి ప్రెస్‌కి వెళ్లింది! సంచీలో కట్టు సామాను వేసుకుని ఆటోలో పరుగెత్తాను. దారి పొడుగునా ఆమెని తిట్టుకున్నాను, అన్నయ్యని తిట్టుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను.

ప్రూఫుల గది మిషన్ల పక్కనే. అద్దం కిటికీ అవతల రెండు మిషన్లు ఆడుతున్నాయి, ఒకటి ఆగి ఉంది. గదిలో సిరా వాసన, కొత్త కాగితం వాసన. వదిన కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, దారుల పుస్తకం ఆఖరి ఫారం ముందేసుకుని ఉంది. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. నన్ను చూసింది, చూడనట్టు తల దించుకుంది. బల్లకి అటువైపు అన్నయ్య. ఆఖరి ఫారం మీద రచయిత వచ్చి సంతకం పెట్టాలి, అది వాళ్ల ప్రెస్ పద్ధతి. పుస్తకంలో మాటలు రాసేది కార్యదర్శిగా అతనే. గుమ్మంలో ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు.

"సంతకం పెట్టాను కదా, ఇంకేంటి?" అంటున్నాడు అన్నయ్య.

"ప్రశ్నలున్నాయి" అంది వదిన.

ప్రూఫులు చూసేవాళ్లకి రాసినవాళ్ల మాట మార్చే హక్కు లేదు. కామా పెట్టొచ్చు, దీర్ఘం సరిచేయొచ్చు, అంతే. కానీ అనుమానం వస్తే పక్కన ఖాళీలో ప్రశ్న రాయొచ్చు. రాస్తే దానికి రచయిత సిరాతో జవాబు రాసి తీరాలి. జవాబు లేని ప్రశ్న ఒక్కటున్నా ఆ ఫారం మిషన్ ఎక్కదు. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఫోర్‌మన్ చెప్పాడు, నేను అర్థం కాక తెల్లమొహం వేస్తే.

వదిన ఫారం తిప్పి అన్నయ్య ముందు పెట్టింది. యాత్ర దారి పేజీ. ఒకటో నంబరు పక్కన ఆకుపచ్చ సిరాతో ఆమె చేతిరాత. నేను వంగి చదివాను. 'గ్రేడు నిర్ణయించినవారు ఈ దారిని ఎంతకాలం నడిచి చూశారు? మిగతా దారులన్నిటికీ పరిశీలన కాలం ఇచ్చారు. దీనికి లేదు.'

"ఇవన్నీ ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు అన్నయ్య, ఫోర్‌మన్ వైపు చూసి గొంతు తగ్గించి.

"ఇంట్లో అయితే మీరు నవ్వేస్తారు. ఇక్కడ రాయాలి."

"నువ్వు కోపంలో ఉన్నావు."

"ఉన్నాను. జవాబు రాయండి."

అన్నయ్య కలం తీశాడు, మూత తీయలేదు. "మన పద్ధతి నీకు తెలుసు కదా. కష్టమైన గంటని బట్టి..."

"అది గ్రేడు పద్ధతి. నేను అడిగింది మీరు ఎంతకాలం నడిచారని."

"సార్, మిషన్ ఖాళీగా ఉంది" అన్నాడు ఫోర్‌మన్.

అన్నయ్య మెడ మీద చెమట కనిపించింది. "కష్టమైన గంట ఎక్కడుందో అక్కడికే వెళ్తాం. అందరూ అలాగే చేస్తారు. తొమ్మిదో మజిలీ దాకా జీపు వెళ్తుంది. మెట్ల దారి కింద దిగి..." ఆగాడు.

"పైకి ఎక్కి?"

"పైకి ఎక్కి, మళ్లీ జీపులో వచ్చేశాం. మిగతాది పాత పుస్తకంలోంచి తీసుకున్నాం."

ఇరవై ఏళ్లుగా ఈ మనిషి ఆ దారి గురించి మాట్లాడటం విన్నాను. వంతెన అంటాడు, లోయ అంటాడు, దారి బావుంటుంది అంటాడు. వదిన మొహంలో మాత్రం ఆశ్చర్యం లేదు. ఆ తొమ్మిది రోజుల గదిలోనే ఆమెకి అనుమానం వచ్చి ఉండాలి.

"ఎంతసేపు?" అంది.

"గంట."

"రాయండి."

రాశాడు. 'ఒక గంట.' నీలం సిరాలో రెండు మాటలు. ఆమె ఫారం తన వైపు తిప్పుకుని, ప్రూఫు చదివినట్టే పైకి చదివింది. "గ్రేడు, ఒకటి. పరిశీలన, ఒక గంట." గుమ్మంలో ఫోర్‌మన్ దగ్గాడు. "ఇది లోపల వేయాలా మేడం?" అన్నాడు. "రచయిత జవాబు కదా. వేయాలి" అంది. తర్వాత వేలు కిందికి జరిపింది. 'స్త్రీలు తమ శారీరక శక్తిని' అన్న వాక్యం పక్కన ఇంకో ప్రశ్న. 'ఆధారం?'

అన్నయ్య ఆ మాట చూశాడు. తర్వాత కుర్చీ మీద చాపి ఉన్న పాదం చూశాడు. బుధవారం నుంచి ఆ పాదాన్ని అతను సరిగ్గా చూడటం అదే మొదలు. ఆ వాక్యం మీద గీత కొట్టేసి, గీత చివర పొడి అక్షరాలు వేశాడు.

"ఆ జాగా ఖాళీగా ఉంచాలా?" అంది వదిన.

"ఏం రాయను?"

"నాకేం తెలుసు. నేను ప్రూఫులు చూసేదాన్ని. రాసేది మీరు."

అన్నయ్య కలం పట్టుకుని కాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు. చివరికి తల ఎత్తకుండానే అడిగాడు. "ఇక నడవలేవని నీకు ఎప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిదో రోజు పొద్దున. బూటు ఎక్కలేదు. వెనక తొక్కేసి, చెప్పులా ఈడ్చుకుంటూ నడిచాను."

"పంతొమ్మిదో రోజే తెలిస్తే ఇరవై రెండు దాకా ఎందుకు నడిచావు?"

"ఒకటో గ్రేడు కదండీ" అంది వదిన.

అన్నయ్య మొహాన్ని రెండు చేతులతో కప్పుకున్నాడు. ఏడ్చాడో లేదో నాకు తెలియదు. నేను అటు చూడలేదు, జాలి కూడా పడలేదు. కాసేపటికి కలం తీసుకుని ఆ ఖాళీలో రాశాడు. 'బూటు పాదానికి ఎక్కని రోజున వెనక్కి తిరగండి. అది సరైన నిర్ణయం.' కింద సంతకం పెట్టాడు. గ్రేడు మాత్రం ఒకటిగానే ఉండిపోయింది. అది మార్చాలంటే మళ్లీ కమిటీ కూర్చోవాలట, నాలుగేళ్ల తర్వాత. నాకు ఇప్పటికీ ఆ సంగతి మీద కడుపు మండుతూనే ఉంది.

ఫోర్‌మన్ ఫారం పట్టుకుని వెళ్లిపోయాడు. ఆగి ఉన్న మిషన్ కదిలిన చప్పుడు వినిపించింది. అన్నయ్య లేచి నిలబడ్డాడు. బయటికెళ్లి కారు దగ్గర నిలబడ్డాడు.

నేను సంచీ తెరిచి కట్టు సామాను బల్ల మీద పెట్టాను. నేల మీద కూర్చుని, పాదం ఒళ్లో పెట్టుకుని పాత కట్టు విప్పడం మొదలుపెట్టాను. కుట్ల దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, చీము లేదు. నడిచి వచ్చినందుకు తిట్టాలనుకున్నాను. సెలైన్ సీసా మూత తీశాను.

"కమిటీలో చెప్పేముందు నన్ను అడగాల్సింది" అంది వదిన.

"తప్పయింది వదినా."

"అడిగితే నేనే వచ్చి చెప్పేదాన్నేమో. రాకపోయేదాన్నేమో. అది నేను తేల్చుకోవాల్సింది."

గాజుగుడ్డ తడిపి కుట్ల చుట్టూ తుడిచాను. ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు. కానీ కట్టు పూర్తయ్యేదాకా నా మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు.